అంగిట్లో లేని పుండు

ఇన్‌స్పెక్టర్ మోహన్‌కుమార్ నా కష్టాన్ని తన పేరు మీద రాసుకున్న మనిషి. మూడేళ్ల కిందట పీణ్యలో ఒక ఫ్యాక్టరీ నుంచి రాగి దిమ్మెలు మాయమైన కేసులో, పదకొండు రోజులు గేటు ఎదురుగా టీ అంగట్లో కూర్చుని దొంగను పట్టింది నేను. పేపర్లో ఫొటో పడింది ఆయనది. కింద ‘స్థానికుడొకరు సమాచారం ఇచ్చారు’ అని ఒక ముక్క వేశారు. ఆ స్థానికుడు నేనే. ఏడో తరగతితో బడి మానేసి, పద్నాలుగేళ్లకే లేత్ మిషన్ ముందు నిలబడ్డవాడికి పేరు కూడా ఎందుకని ఆయన అనుకుని ఉంటాడు.

అదే మోహన్‌కుమార్ ఇప్పుడు యోహాను అనే మేల్ నర్సును హంతకుడని తేల్చేశాడు. ఈ రోజు శనివారం. సాయంత్రం ఐదింటికి కస్టడీ ముగుస్తుంది, కోర్టుకు తీసుకెళ్తారు, అక్కడి నుంచి జైలుకు. ఒకసారి జైలు గేటు పడిందంటే ఇక ఎవరూ పాత సంగతులు తిరగేయరు.

కేసు చిన్నదే. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో చిక్కమునియప్ప అనే అరవై ఎనిమిదేళ్ల పెద్దాయన. ఎడమ పక్క పక్షవాతం, పెళ్లాం బిడ్డలు లేరు. ఆయన్ను చూసుకునే నర్సు యోహాను. మంగళవారం పదకొండూ ఐదుకి యోహాను మందుల కోసం బయటికి వెళ్లాడు. పదకొండూ యాభైకి తిరిగొచ్చేసరికి పెద్దాయన ముఖం మీద దిండు ఉంది, ప్రాణం లేదు. చంపేసి ఆ తర్వాతే మందులకు వెళ్లాడని మోహన్‌కుమార్ వాదన. పెద్దాయన పోతే లాభపడేది ఒక్కడే: అన్న కొడుకు బైరప్ప. కానీ బైరప్ప పదీ యాభై నుంచి పన్నెండూ నలభై దాకా పళ్ల డాక్టర్ కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నాడని కాగితాలు చెబుతున్నాయి.

యోహాను భార్య గ్రేస్ గుంటూరు వైపు మనిషి. తనూ నర్సే. బుధవారం పొద్దున నా గదికి వచ్చి నిలబడే మాట్లాడింది.

“అన్నయ్యా, మా ఆయన ఆ పెద్దాయన్ని పక్కకి తిప్పేటప్పుడు కూడా ‘నొప్పిగా ఉందా తాతా’ అని అడిగి తిప్పుతాడు. అలాంటోడు దిండు పెట్టి నొక్కుతాడా? చూసేవాడు పైన చూస్తున్నాడు, నిజమే. కింద చూసేవాళ్లు కూడా ఒకరు కావాలి కదా.”

అందుకే ఈ రోజు పదీ పదికి నేను ఆ పళ్ల క్లినిక్ మెట్లెక్కాను. మూడో అంతస్తు. డాక్టర్ అంబికకు ముప్పై అయిదేళ్లు ఉంటాయి. నన్ను కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను.

“పోలీసులకి అంతా చెప్పాను. మళ్లీ మీకెందుకు చెప్పాలి?”

“వాళ్లు చదువుకున్నవాళ్లమ్మా, వాళ్లకి త్వరగా అర్థమవుతుంది. నాకు కొంచెం మెల్లగా చెప్పండి. బైరప్పకు ఏం చేశారు?”

ఆమె గడియారం చూసుకుంది. “కింద దవడలో ఇంప్లాంట్ వేశాను, నెల అయింది. ఇంప్లాంట్ అంటే ఎముకలోకి దించే టైటానియం మర. దాని మీద చిన్న మూత స్క్రూ బిగించి, పైన చిగురు కుట్టేస్తాం. మూడు నెలలు అది చిగురు కిందే ఉండాలి. ఎముక దాన్ని పట్టుకోవాలి.”

“మర అంటే నాకు తెలుసు. ముప్పై ఏళ్లు మరలే కోశాను. తర్వాత?”

“ఆయనకి చిగురు చాలా పల్చన. కొందరికి అంతే, ఉల్లిపొరలా ఉంటుంది. మూడో వారానికే పైన చిరిగి, మూత బయటికి కనబడింది. అలా వదిలేస్తే అక్కడ పాచి చేరుతుంది, ఎముక కరుగుతుంది, ఇంప్లాంట్ ఊడిపోతుంది.”

“పల్చన అని ముందు చూసుకోలేదా?”

ఆమె ముఖం ఎర్రబడింది. “చూశాను! ముందు చిగురు మందం చేసి, తర్వాత ఇంప్లాంట్ వేద్దామన్నాను. రెండుసార్లు కోయడానికి ఆయన ఒప్పుకోలేదు. ‘ఒకే ఏటుకి అయిపోవాల’ అన్నాడు. ఇప్పుడు రెండోసారి కోయక తప్పలేదు. అంగిలి నుంచి కొంచెం కండ తీసి, ఆ మూత మీద అతికి కుట్టాను. మంగళవారం చేసింది అదే.”

ఈ మాటలన్నీ నిజమే. పని తెలిసిన మనిషి పని గురించి చెప్పేటప్పుడు గొంతు వేరుగా ఉంటుంది. చివరి వాక్యం దగ్గర మాత్రం ఆ గొంతు లేదు.

“ఏ టైముకి?”

“ఇంజెక్షన్ పదకొండుకి. పదకొండుంబావుకి కోయడం మొదలు. పన్నెండూ పదికి కుట్లు అయిపోయాయి.” పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

“పక్కన ఎవరున్నారు?”

“మా అసిస్టెంట్ ఆ రోజు సెలవు.”

“ఫొటోలు?”

“మూత బయటపడినప్పటిది ఉంది. కుట్లు వేశాక తీయలేదు.”

నేను లేచి గది చూశాను. కుర్చీ, లైటు, పనిముట్లు ఉడికించే చిన్న గది. ఆ గదికి వెనక ఒక ఇనుప తలుపు. చెత్త దించే మెట్లకు దారి. తలుపు పైనుంచి కిందదాకా తుప్పే. గడియ మాత్రం వేలు పెడితే నున్నగా జారింది. నూనె వేసి వారం కాలేదు. మెట్లు దిగి చూశాను. ముప్పై రెండు మెట్లు, కెమెరా లేదు. అక్కడి నుంచి చిక్కమునియప్ప ఇంటి వెనక గేటుకి నడిచాను. నాలుగు నిమిషాలు. ముందు వైపు లిఫ్ట్ దగ్గర కెమెరాలో బైరప్ప పదీ నలభై ఎనిమిదికి లోపలికి, పన్నెండూ నలభై ఒకటికి బయటికి. మధ్యలో ఎక్కడున్నాడో ఆ కెమెరాకు తెలియదు, ఈ డాక్టరమ్మకు తెలుసు.

తిరిగొచ్చేసరికి ఆమె నిలబడే ఉంది. అలమరలో పేషెంట్ల దవడల అచ్చులు, తెల్లటి ప్లాస్టర్‌వి, వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద పెన్సిల్‌తో పేరు. ఒకదాని పైదవడకు అద్దంలాంటి ప్లాస్టిక్ రేకు తొడిగి ఉంది.

“ఇదేంటమ్మా?”

“అంగిలి నుంచి కండ తీసినవాళ్లకి ఇస్తాం. పుండుకి ఏమీ తగలకుండా మూతలాగా ఉంటుంది.”

“బైరప్పది కింద దవడ అచ్చు ఒక్కటే ఉంది. ఆయనకి ఈ రేకు చేయలేదా?”

“లేదు... టైం లేకపోయింది.”

“అంటే పుండు తెరిచే ఉంది.”

“అవును.”

“మానడానికి?”

“పైన తోలు రావడానికి రెండు మూడు వారాలు. మొదటి వారం కష్టం. వేడి కాఫీ తాగి అంగిలి కాలితే ఎలా ఉంటుంది? దానికి పదింతలు. వేడి, కారం ఏది తగిలినా తట్టుకోలేరు.” అని ఆగిపోయింది. అవసరం లేనిది చెప్పానేమో అన్నట్టు నేల చూసింది.

నాకు మరో లెక్క తట్టింది. ఇంకో మూడు వారాలు ఆగితే కోసిన అంగిలి, కోయని అంగిలి ఒకటే. అప్పుడు దేవుడు దిగొచ్చినా చెప్పలేడు. బైరప్ప అబద్ధం తనంతట తానే మానిపోతుంది.

“ఈ బిల్డింగు ఎవరిదమ్మా?” అన్నాను.

ఆమె ఆ ప్లాస్టిక్ రేకును అచ్చు మీంచి ఊడదీసింది. గుమ్మంలో బూట్ల చప్పుడు.

“బైరప్పదే” అన్నాడు మోహన్‌కుమార్ లోపలికి వస్తూ. “అయితే ఏమి? అద్దెకుండేవాళ్లందరూ అబద్ధాలు చెబుతారా? ఏమప్పా రామాంజి, లేత్ వదిలి పళ్లు పీకేదానికి వచ్చినావా?”

“మీరు చూడకుండా వదిలేసినవి ఏరుకుంటున్నా సార్. అలవాటే కదా.”

ఆయన నవ్వలేదు. “సాక్షిని బెదిరిస్తే లోపల వేస్తా. ఈమె రాసిచ్చింది, కెమెరా ఉంది, మనిషి నోట్లో కుట్లుండాయి.”

“కుట్లు మీరు చూసినారా?”

“నోరు సాగదీస్తే కుట్లు తెగతాయని డాక్టర్ లెటర్ ఉంది. పద్నాలుగు దినాలు పెదవి కూడా లాగకూడదు. నేను బలవంతంగా తెరిపిస్తే రేపు వాని లాయరు నా తోలు వలుస్తాడు.”

“అంటే చూడలేదు.”

“చూడాల్సిన పని లేదప్పా! నిన్న మధ్యాహ్నం వాళ్లింట్లో నా కళ్లముందరే తిన్నాడు. పాపం, నమలలేక మూడు పూటలా రాగిముద్దే. ముద్దను నమిలేది లేదు కదా, మింగేదే కదా. నోట్లో పుండు లేనివాడు మంచి భోజనం వదిలి ముద్ద ఎందుకు తింటాడు? నేను కోలారు వాణ్ణి, ముద్ద గురించి నాకు చెప్పొద్దు.”

ఆ మాట పట్టుకున్నాను. బయటికి కనబడనివ్వలేదు.

“వేడిదేనా?”

“పొగలొస్తా ఉండింది. ఎందుకు?”

“ఊరికే. ఆకలి గుర్తొచ్చింది.” టైం చూశాను. పన్నెండూ ఇరవై. “సార్, ఒక్కసారి నాతో బైరప్ప ఇంటికి రండి. భోజనం వేళకి. తప్పైతే యోహాను గురించి మళ్లీ నోరెత్తను. రాసిస్తా.”

నేను రాసివ్వడమనేది ఆయనకు నచ్చింది. నన్ను వెధవను చేసే అవకాశం ఆయన వదులుకోడని నాకు తెలుసు. “నడు” అన్నాడు. డాక్టర్ అంబిక మాత్రం కదలకుండా, ఆ ప్లాస్టిక్ రేకును చేత్తో పట్టుకుని నిలబడిపోయింది.

బైరప్ప ఇంట్లో అప్పుడే ఆకు వేశారు. మా ఇద్దరినీ చూసి మనిషి ఏమాత్రం తొణకలేదు. యాభై ఏళ్లుంటాయి, మెడ పొట్టి, కళ్లు చిన్నవి. పెదవులు కదపకుండా, పళ్లు పిండినట్టు మాట్లాడాడు.

“రండి సార్, రండి. రాప్పా రామాంజీ. అన్నం టయానికి వచ్చినారు, తినకుండా పోతే నాకు పాపం. నంజమ్మా, ఇంకా రెండాకులు వెయ్యి.”

వంటామె నంజమ్మ మాకూ ముద్దలు పెట్టింది. పక్కన ఆకుకూరల సొప్పుసారు, పైన ఎర్రగా నూనె తేలుతోంది. ముద్ద ముట్టుకుంటే వేళ్లు కాలాయి.

“నోరెట్ల ఉండాది?” అన్నాడు మోహన్‌కుమార్.

“ఏమి చెప్పేది సార్. నమిలేకి కాదు. ఈ ముద్ద ఉండబట్టి బతికినా.”

“అయ్యకు మంగళవారం నుంచి మూడు పూటలా ముద్దే” అంది నంజమ్మ, సారు వడ్డిస్తూ. “నిన్న కారం చాల్లేదని తిట్టినాడు. ఈ దినం ఇంకో పిడికెడు మిరపకాయలు వేసినా.”

బైరప్ప ఆమె వైపు చూశాడు. ఆమె గిన్నె పట్టుకుని లోపలికి పోయింది.

నేను తినలేదు. బైరప్పనే చూశాను. ముద్ద తుంచాడు, గుండ్రంగా చేశాడు, సారులో ముంచాడు, నోట్లో వేసుకున్నాడు. గొంతు ఒక్కసారి ఎగిరి పడింది. మళ్లీ తుంచాడు. నేను లెక్కపెట్టాను. పద్నాలుగు ముక్కలు. కన్ను చిట్లలేదు, కనుబొమ కదలలేదు, నీళ్ల గ్లాసు వైపు చెయ్యి పోలేదు.

మోహన్‌కుమార్ ఫోన్ మోగింది. స్టేషన్ నుంచి. ఎంగిలి చెయ్యి చాపుకుని, ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్లాడు. యోహానును కోర్టుకు తీసుకెళ్లే బండి గురించి ఆయన గట్టిగా మాట్లాడటం వినబడుతోంది.

“ఏమప్పా, నా గొంతు అట్ల చూస్తావు?” అన్నాడు బైరప్ప.

“అంగిట్లో మంట లేదా అన్నా?”

తుంచిన ముక్క చేతిలోనే ఆగింది. ఒక్క క్షణం. “ఉండాది... ఉండాది.” అన్నాడు. ఆ చిన్న కళ్లు నా ముఖం మీద, నా ఆకు మీద, నేను ముట్టని ముద్ద మీద తిరిగాయి. అతనికి అర్థమైంది. పెదవులు కదపని నటన అక్కడితో మానేశాడు. మామూలుగా, నిండుగా నోరు తెరిచి మాట్లాడాడు.

“తెలివైనోడివే. మా చిన్నాయన చెప్పినాడులే.”

“ఏం చెప్పినాడు?”

ఎడమ చేత్తో పక్కనున్న బల్ల సొరుగు లాగి, మడిచిన స్టాంపు కాగితం తీసి నా ముందు పెట్టాడు. “బుధవారం పదిన్నరకి రిజిస్టర్ ఆఫీసుకి పోవాలని ఎగిరినాడు చూడు ముసలోడు, దానికే. ఆ నర్సు యోహాను చేత నీ అడ్రసు ఎతికించింది కూడా దానికే. వాని పెళ్లాం నేరుగా నీ దగ్గరికి ఎట్ల వచ్చింది అనుకున్నావు? చదువుకో.”

చదివాను. నాకు చదవడం మెల్లగానే వస్తుంది. మా నాయన ఆవులప్ప దగ్గర తన తండ్రి మోసంతో వేలిముద్ర వేయించుకుని భూమి తీసుకున్నాడని, ఆ భూమి తిరిగి ఆవులప్ప కొడుకు రామాంజికి ఇస్తున్నానని, చిక్కమునియప్ప పేరున రాసిన దానపత్రం. కింద సంతకం చోటు ఖాళీ.

ఎవరికి వేలిముద్ర వేశాడో మా నాయన నాకెప్పుడూ చెప్పలేదు. ఆ సంవత్సరమే నా బడి పోయింది. ఆ సంవత్సరమే పీణ్యలో రేకుల గదికి వచ్చిపడ్డాం. అడిగితే గోడవైపు తిరిగి పడుకునేవాడు. అట్లాగే పోయాడు.

“ముసలోనికి వారసుణ్ణి నేనొక్కణ్ణే” అన్నాడు బైరప్ప. గొంతు తగ్గించాడు. “ఆయన చేయలేని సంతకం నేను చేస్తా. సోమవారం. నువ్వు నా నోటి గురించి మాట్లాడొద్దు, అంతే. ఆ నర్సు ఎవడప్పా నీకు? నీ కులమా, నీ ఊరా? వానికి లాయరును నేనే పెట్టిస్తా కావాలంటే. నువ్వు నీ నాయన భూమ్మీద నిలబడు. ఒక్క మాట మింగెయ్యి.”

వరండాలో మోహన్‌కుమార్ గొంతు ఆగింది. ఫోన్ పెట్టేసినట్టున్నాడు. నాలుగు అడుగులు. ఆ నాలుగు అడుగుల్లో నేను ఎన్నేళ్లు వెనక్కి పోయానో చెప్పలేను. ఆ కాగితం మీద నా పేరు అచ్చులో ఉంది, తప్పు లేకుండా ఉంది. ఎవరూ నా పేరు అంత శుభ్రంగా రాయలేదు ఇంతవరకు.

ఆయన వచ్చి కూర్చుని, ముక్క తుంచి సారులో ముంచాడు.

“బండి బయలుదేరింది” అన్నాడు నాతో. “నువ్వు చూపిస్తానన్నది చూపించు, లేదా లేచి పో.”

బైరప్ప కాగితం మీద తన వేలు పెట్టాడు. నా వైపే చూస్తున్నాడు.

‘నొప్పిగా ఉందా తాతా’ అని అడిగి తిప్పే మనిషి. అతని ముఖం కూడా నేను చూడలేదు. అతను వెతకబట్టే నా పేరు ఈ కాగితం మీదికి వచ్చింది.

“సార్,” అన్నాను, “ఆ ముక్క నోట్లో వేసుకోండి. మింగొద్దు.”

“ఏమి తమాషా ఇది?”

“వేసుకోండి సార్. మీరు కోలారు వాళ్లు కదా.”

వేసుకున్నాడు.

“ఇప్పుడు మెల్లగా మింగండి. మీ నాలుక ముద్దను ఎక్కడికి అదుముతుందో చూసుకోండి.”

మోహన్‌కుమార్ దవడ ఆగిపోయింది. నోట్లో ముద్ద, ఒంట్లో యూనిఫాం, కదలకుండా కూర్చున్నాడు. పుట్టినప్పటి నుంచి తింటున్న ముద్ద ఆయనకు ఆ రోజే మొదటిసారి తెలిసింది. ముద్దను పన్ను తాకదు, నిజమే. కానీ నాలుక దాన్ని పైకెత్తి అంగిలికేసి అదిమితే తప్ప అది గొంతులోకి జారదు. నమలని తిండి కదా అని బైరప్ప దాన్ని ఎంచుకున్నాడు. ఇక్కడివాడు గనుకే అట్లా ఎంచుకున్నాడు. పరాయివాడైతే గంజి తాగేవాడు, బతికిపోయేవాడు.

“అంగిలి కోసి ఇది అయిదో రోజు” అన్నాను. “పైన రేకు కూడా పెట్టలేదని డాక్టరమ్మే చెప్పింది. కాలే ముద్ద, పిడికెడు మిరపకాయలు ఎక్కువ వేసిన సారు. పద్నాలుగుసార్లు ఆ పుండు మీద రుద్దాడు సార్. మీరైతే ఏడ్చేవారు. నేనూ ఏడ్చేవాణ్ణి.”

మోహన్‌కుమార్ మింగాడు. లేచాడు. చెయ్యి కడుక్కోలేదు. ఎడమ చేత్తో ఫోన్ టార్చ్ వేశాడు.

“నోరు తెరువు.”

“కుట్లు తెగతాయి సార్, డాక్టరు లెటరు—”

“ఫోన్లో ఉన్నా తలుపు అవతల నుంచి నీ మాట విన్నాలే. కుట్లున్న నోటితో అంత గట్టిగా ఎవడూ మాట్లాడడు. తెరువు.”

ఏం విన్నాడో, ఎంత విన్నాడో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. బైరప్ప నోరు తెరిచాడు. నేను కూడా వంగి చూశాను. అంగిలి నున్నగా, గులాబి రంగులో, ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒక్క గీత లేకుండా ఉంది. కింద ఎడమ పక్క, పళ్లు లేని సందులో, పొరలాంటి చిగురు చిరిగిన చోట కందిగింజంత మెరుపు. మూత స్క్రూ. దాని చుట్టూ పచ్చగా పాచి. ఎవరూ దాన్ని ముట్టలేదు, ఏ కండా దాని మీద కప్పలేదు.

“మంగళవారం పదకొండు నుంచి పన్నెండు దాకా యాడ ఉండినావు?” అన్నాడు మోహన్‌కుమార్.

బైరప్ప నోరు మూసుకున్నాడు. ఈసారి నిజంగానే.

తర్వాత అంతా పది నిమిషాల్లో అయింది. ఒంటి గంటా పదికి బండిని వెనక్కి తిప్పమని ఫోన్. ఒంటి గంటా పదమూడుకి డాక్టర్ అంబికను తీసుకురమ్మని ఫోన్. అవతల ఆమె మొదటి ప్రశ్నకే ఏడ్చిందట: ఇంజెక్షన్ ఇచ్చిన అయిదు నిమిషాలకే వెనక తలుపున పోయాడనీ, పన్నెండు కాకముందే చెమటలతో వచ్చి ‘అంతా చేసినట్టు రాయి, లేకుంటే గది ఖాళీ చెయ్యి’ అన్నాడనీ. నేను గ్రేస్‌కు ఫోన్ చేశాను. “ఎక్కడికి రావాలి అన్నయ్యా?” అని అడిగింది. 

ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి బైరప్పను లేపారు. అతను ఎంగిలి చేత్తోనే ఆ కాగితం తీసి, నా ఆకు పక్కనున్న సారు గిన్నెలో ముంచి, వేళ్లతో అడుగుకి నొక్కాడు.

“సంతకం చేసేవాడు పోయినాడు. చేస్తానన్నవాణ్ణి నువ్వే పంపిస్తా ఉండావు” అన్నాడు. “నేను లోపలికి పోయినా, ఆ భూమి మీద కన్నేసినోళ్లు బయట నలుగురుండారప్పా. వాళ్లకు నీ గది తెలుసు. తలుపు గడియ చూసుకో.”

వాళ్లు వెళ్లిపోయాక గిన్నెలోంచి కాగితం తీశాను. చేతిలోనే చీలిపోయింది. నా పేరు ఉన్న చోట ఎర్రటి నూనె మరక. మా నాయన పేరు కరిగిపోయింది. అడుగు వరుస ఒక్కటి మిగిలింది, చదవడానికి వీలుగానే: ఆనేకల్ తాలూకా, బావితో సహా, ఒక ఎకరా ముప్పై ఒక్క గుంటలు.